గొడుగు పట్టిన వంతెనలు, దారి తప్పిన లారీలు

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. మా ప్రాజెక్ట్ ఏంటంటే, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ డేటా తీసుకుని మా జిల్లాలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా తక్కువ టైమ్‌లో పోయే దారి చూపించే యాప్. లోపల డైక్‌స్ట్రా అల్గారిథం, పైన మ్యాప్, దాని మీద నీలం రంగు గీత. డెమో బాగానే నడిచింది. సార్ ఆ నీలం గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ రైల్వే అండర్‌పాస్ ఉంది కదా, వరిగడ్డి లోడు లారీ ఇందులోంచి పోతుందా?" అన్నారు. నేను చాలా కాన్ఫిడెంట్‌గా, "సర్, అది షార్టెస్ట్ పాత్ సర్" అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టేశారు. మార్కులు బాగానే పడ్డాయి. ఆ నవ్వు మాత్రం ఇంకా గుర్తుంది.

హాస్టల్‌కి వచ్చాక, మనలాంటి తప్పు ఇంకెవరైనా చేశారా అని వెతికాను. మనకంటే పెద్దవాళ్ళు చేశారని తెలిస్తే కొంచెం ఊరట కదా. అలా దొరికింది మిల్లర్స్ రన్ వంతెన కథ. అమెరికాలో వెర్మాంట్ అని చిన్న రాష్ట్రం, అందులో లిండన్ అనే ఊరు. ఆ ఊళ్ళో 1878లో కట్టిన చెక్క వంతెన ఒకటుంది. రెండు పక్కలా చెక్క గోడలు, పైన ఇంటికప్పులాంటి కప్పు. ఇప్పటికీ దాని మీద కార్లు పోతాయి. సమస్య ఏంటంటే, ఎత్తైన ట్రక్కులు దాన్ని మళ్ళీ మళ్ళీ గుద్దేస్తున్నాయి. బాగు చేయడం, ఇంకో ట్రక్కు వచ్చి తగలడం. పక్కన హెచ్చరిక బోర్డులున్నాయి. అయినా డ్రైవర్లు బోర్డు చూడటం లేదు, ఫోన్ చూస్తున్నారు. ఆ ఫోన్లో ఉన్న మ్యాప్ కార్ల కోసం చేసింది. దాని లెక్కలో ఆ వంతెన ఒక గీత అంతే, నా ప్రాజెక్ట్‌లో అండర్‌పాస్ లాగానే. పైకప్పు ఎంత ఎత్తులో ఉందో ఆ గీతకి తెలీదు.

నిజం చెప్పాలంటే నాకు ఊరట రాలేదు, సిగ్గేసింది. నూట నలభై ఏళ్ళ పైబడిన వంతెన వరదల్నీ మంచునీ తట్టుకుని నిలబడి, చివరికి నాలాంటివాడు మర్చిపోయిన ఒక్క ఫీల్డ్ వల్ల దెబ్బ తింటోందన్నమాట. అక్కడి నుంచి చెక్క వంతెనల గురించి చదవడం మొదలుపెట్టాను. మిడ్ పరీక్షలకి చదవాల్సిన వారంలో అన్నమాట. చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఈ వ్యాసం దాని గురించే. పాత వంతెనని కాపాడటమంటే దాన్ని బండ్లకి దూరం పెట్టి ఫొటోలు తీసుకోవడం కాదు, దాన్ని దారిగా ఉంచడం. అలా ఉంచే పనిలో ఇప్పుడు మన బ్రాంచ్ వాళ్ళకి కూడా వాటా ఉంది.

ముందు అందరికీ వచ్చే డౌట్. వంతెనకి పైకప్పు ఎందుకు? మా రూమ్మేట్ (సివిల్ వాడే) "మనుషులు తడవకుండా" అన్నాడు. అమెరికాలో కూడా రకరకాలుగా చెప్పుకుంటారట. గుర్రాలు కింద నీళ్ళు చూసి బెదరకుండా అని కొందరు, ప్రేమికులకి చాటుగా ఉంటుందని కొందరు. అసలు సంగతి వేరు. కప్పు మనుషుల కోసం కాదు, వంతెన కోసం. చెక్కని తినేది వయసు కాదు, బూజు. ఆ బూజుకి తేమ కావాలి. చెక్కలో తేమ ఇరవై శాతం లోపు ఉంచగలిగితే బూజు దాని జోలికి రాదు. అంటే ఎండిన చెక్కకి చావు లేదనే చెప్పొచ్చు, నిప్పు గానీ వరద గానీ రానంతవరకు. ఇళ్ళలో వందేళ్ళ నాటి టేకు దూలాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. అదే చెట్టు కలపతో చేసిన పెరటి గేటు పదిహేనేళ్ళకే కింద పుచ్చిపోతుంది. తేడా పైకప్పుదే.

ఫిలడెల్ఫియాలో 1805లో తిమొతీ పామర్ అనే ఆయన షూల్‌కిల్ నది మీద పెద్ద చెక్క వంతెన కట్టాడు. అమెరికాలో మొట్టమొదటి కప్పు వంతెన అదేనంటారు. కప్పు వేద్దామన్న ఆలోచన కట్టినాయనది కాదు, రిచర్డ్ పీటర్స్ అనే జడ్జిది. కప్పు లేకపోతే పది పన్నెండేళ్ళు, ఉంటే ముప్పై నలభై ఏళ్ళు వస్తుందని పామర్ లెక్క వేశాడు. మధ్యలో చాలా మార్పులు చేసినా ఆ వంతెన 1875లో కాలిపోయేదాకా నిలబడింది. డెబ్భై ఏళ్ళు! కాస్త కప్పుకి పెట్టిన ఖర్చు వంతెన ఆయుష్షుని ఎన్ని రెట్లు చేసిందో చూడండి. ఇంకో తమాషా ఏంటంటే, చలికాలంలో మనుషుల్ని పెట్టి మరీ వంతెన లోపల మంచు పరిపించేవాళ్ళు. బయట రోడ్డంతా మంచు, జనం స్లెడ్జి బండ్ల మీద తిరుగుతారు. కప్పు కింద మంచు పడదు కాబట్టి బండి అక్కడ ఈడ్చుకుపోతుంది. వాన పడకుండా కప్పు వేసుకుని, మళ్ళీ పారలతో మంచు లోపలికి వేసుకోవడం. కొత్త ఫీచర్ పెడితే కొత్త బగ్ వస్తుందన్నది అప్పటికే ఉన్న సంగతి.

నాకు బాగా నచ్చిన మనిషి ఇథియల్ టౌన్. కనెటికట్‌కి చెందిన ఆర్కిటెక్ట్. 1820లో ఒక ట్రస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ట్రస్ అంటే త్రిభుజాల అల్లిక. మనం స్కూల్లో అగ్గిపుల్లలతో చేసేవాళ్ళం కదా, చతురస్రం వంగుతుంది, త్రిభుజం వంగదు, అదే. అంతకుముందు వంతెన కట్టాలంటే లావుపాటి దుంగలు కావాలి, వాటిని చెక్కి ఒకదాన్లో ఒకటి దూర్చి బిగించే గొప్ప వడ్రంగి కావాలి. టౌన్ ఏం చేశాడంటే, రంపపు మిల్లులో కోసిన మామూలు పలకల్ని, అన్నీ ఒకే కొలతవి, ఐమూలగా ఒకదాని మీద ఒకటి దాటించి తడిక అల్లినట్టు అల్లి, కలిసిన ప్రతి చోటా కొయ్య మేకులు కొట్టించాడు. అంతే. పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. ఊళ్ళో ఉన్న వడ్రంగులే కట్టేయొచ్చు. ఒక పలక పాడైనా పక్క పలకలు బరువు పంచుకుంటాయి.

ఇంక లైసెన్సు సంగతి వినండి. తన డిజైన్‌తో ఎవరు వంతెన కట్టినా అడుగుకి ఒక డాలర్ తీసుకునేవాడు. అడక్కుండా కట్టి దొరికితే అడుగుకి రెండు డాలర్లు! నేను ఇది చదివి పడీ పడీ నవ్వాను. క్రాక్డ్ సాఫ్ట్‌వేర్ వాడుతూ దొరికితే డబుల్ రేటు అన్నమాట. ఇప్పుడు నా అభిప్రాయం చెప్పమంటే, ఆ డిజైన్ అంతలా పాకిపోవడానికి కారణం పేటెంట్ కాదు, అది ఎవరికైనా అర్థమయ్యేలా ఉండటం. చదివిన వెంటనే అర్థమయ్యే కోడ్‌కి ఆయుష్షు ఎక్కువ. మా సీనియర్లు రాసి వదిలేసిన కాలేజీ ఫెస్ట్ వెబ్‌సైట్ కోడ్ ఎవరైనా చూసుంటే నా బాధ అర్థమవుతుంది.

టౌన్ అల్లికలో పెద్ద వంతెన ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. న్యూ హాంప్‌షైర్‌లో కార్నిష్, అవతలి ఒడ్డున వెర్మాంట్‌లో విండ్సర్, మధ్యలో కనెటికట్ నది. అదే చోట 1796 నుంచి ఒకదాని తర్వాత ఒకటి మూడు వంతెనలు వరదకి కొట్టుకుపోయాయి. నాలుగోది 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ అని ఇద్దరు కట్టారు. రెండు అంగల్లో దాదాపు 450 అడుగుల పొడవు. అప్పటి ఖర్చు 9,000 డాలర్లు. గుర్రాల్ని నడిపించుకుంటూ పోవాలి, పరిగెత్తిస్తే రెండు డాలర్లు జరిమానా అని దాని ముఖద్వారం మీద బోర్డు ఉంటుంది. గుర్రాలన్నీ ఒకే లయలో పరిగెడితే వంతెన ఊగుతుందని భయం. 1943 దాకా టోల్ కట్టించుకున్నారు. ఇప్పుడు దాని మీద ఫ్రీగా కార్లు పోతాయి.

1980ల చివర్లో దాన్ని మూసేసి బాగు చేశారు. 1989కి పని పూర్తయ్యేసరికి అయిన ఖర్చు దాదాపు నలభై నాలుగున్నర లక్షల డాలర్లు. తొమ్మిది వేల వంతెనకి! మా రూమ్మేట్ ఇక్కడే పట్టుకున్నాడు. "ఒరేయ్, ఆ డబ్బుతో కాంక్రీటు వంతెన కట్టేస్తే ఇంకో డెబ్భై ఏళ్ళు చూడక్కర్లేదు. చెక్కకి ఇంత ఖర్చేంట్రా, సెంటిమెంటు కాకపోతే?" అన్నాడు. వాడి మాట పూర్తిగా తప్పని నేననను. చిన్న ఊళ్ళకి అంత డబ్బు ఎక్కడిది? అందుకే 1998లో అక్కడి కేంద్ర ప్రభుత్వం కప్పు వంతెనల కోసమే ఒక పథకం పెట్టింది. 2012 తర్వాత కొన్నేళ్ళు దానికి డబ్బు ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. ప్రభుత్వ పథకాలకి ఆ మాత్రం కుంటినడక ఎక్కడైనా ఉండేదే.

కానీ రూమ్మేట్ లెక్కలో ఒక తప్పుంది. వాడు 123 ఏళ్ళు ఏమీ చేయకుండా ఉన్న వంతెనకి ఒక్కసారి ఖర్చు పెట్టినట్టు చూస్తున్నాడు. వంతెన అలా బతకదు. కప్పు కారుతుంటే అప్పుడే రేకు మార్చాలి, పలక పుచ్చితే అప్పుడే తీసి కొత్తది వేయాలి. ఇది చేసినంతకాలం పెద్ద బిల్లు రాదు. వదిలేస్తే మొత్తం ఒకేసారి వస్తుంది. 'టెక్నికల్ డెట్' అని మనకి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో చెప్పే పాఠం ఇదే. అక్కడ బట్టీ పట్టి రాశాను, ఇక్కడ అర్థమైంది.

ఈ విషయంలో అందరికంటే ముందు ఆలోచించినవాళ్ళు ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఇంజనీర్లని నాకనిపిస్తుంది. అక్కడ ఐరన్‌బార్క్ అని ఒక రకం యూకలిప్టస్ చెట్టుంది. పేరుకి తగ్గట్టు ఇనుములాంటి కలప. దానితో పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1930ల దాకా నాలుగు వందలకి పైగా ట్రస్ వంతెనలు కట్టారు. వాటికి కప్పు వేయలేదు. మరి తడుస్తాయి కదా, పుచ్చుతాయి కదా? పుచ్చుతాయని ముందే ఒప్పుకున్నారు. పెర్సీ అలెన్ అనే ఇంజనీర్ 1893 నుంచి వచ్చిన తన డిజైన్‌లో ఒక్కో లావు దూలం బదులు రెండేసి చెక్కలు పక్కపక్కన, మధ్యలో సందు వదిలి పెట్టాడు. సందు వల్ల గాలి ఆడుతుంది, రంగు వేయడానికి చేయి పడుతుంది. ఒక చెక్క పాడైతే రెండోది బరువు మోస్తుండగా దాన్ని ఊడదీసి కొత్తది పెట్టేయొచ్చు. వంతెన మొత్తం విప్పక్కర్లేదు. సర్వర్ ఆపకుండా హార్డ్ డిస్క్ మార్చడం మనకి చాలా గొప్ప. ఆయన ఆ పని చెక్కతో, 1893లో చేశాడు.

ఆయన కట్టిన వాటిల్లో హ్యాంప్డెన్ వంతెన అని ఒకటి వాగా వాగా అనే ఊళ్ళో ఉండేది. పేరు భలే ఉంది కదా, వాగు పక్కన వాగా వాగా. (వాగు కాదులెండి, మరంబిడ్జీ అనే పెద్ద నదే.) 1895లో కట్టారు. సరిగ్గా వందేళ్ళు బండ్లు మోసింది. 1995లో పక్కనే కాంక్రీటు వంతెన వచ్చింది, దీన్ని బండ్లకి మూసేశారు. "చారిత్రక వంతెన, ఉంచుదాం" అనుకున్నారు. ఉంచారు కూడా. 2006లో దాని ట్రస్ ఒకటి విరిగింది, మనుషులు నడవడం కూడా ఆపేశారు. 2014లో పడగొట్టారు. అంటే బండ్లు తిరిగిన వంద ఏళ్ళలో పోనిది, ఎవరూ తిరగని ఇరవై ఏళ్ళలో పోయింది.

నాకు ఈ కథలో చాలా బాధ కలిగించింది ఇదే. ఎవరూ దానికి ద్రోహం చేయలేదు. ఎవరూ కూల్చాలనుకోలేదు. అవసరం లేకుండా పోయింది, అంతే. రోజూ స్కూలు బస్సు పోయే వంతెనలో ఒక పలక కదిలితే సాయంత్రానికి ఊరంతా గోల చేస్తుంది. ఎవరూ పోని వంతెనలో పలక కదిలితే పావురాలకి తెలుస్తుంది. మన రాజమండ్రిలో పాత హేవలాక్ వంతెన కూడా గుర్తొచ్చింది. అది చెక్కది కాదు, రైలు వంతెన, ఇనుముది. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసి, అప్పటి నుంచి గోదావరిలో ఊరికే నిలబడి ఉంది. దాన్ని టూరిజం స్పాట్ చేస్తామనే మాట నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఏదో ఒకటి చేయండి, దాని మీద మనుషుల్ని నడవనివ్వండి, అప్పుడే దాని బాగోగులు ఎవరికైనా పడతాయి.

అమెరికాలో ఒక చెక్క వంతెన గతి ఎలా అయిందో కూడా చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలో నార్త్ బ్లెన్‌హైమ్ అనే ఊళ్ళో నికోలస్ పవర్స్ 1855లో కట్టిన వంతెన. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 210 అడుగులు దాటేది. కింద పెట్టిన ఆసరాలు తీసేసే రోజున పవర్స్ వంతెన కప్పు మీదెక్కి కూర్చున్నాడని, ఇది పడితే నేనూ పడతానని అన్నాడని ఒక కథ ఉంది. కథే కావచ్చు. కానీ ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టిన రోజు మన లీడ్స్ ఎవరైనా అలా కూర్చుంటే ఎంత బావుండు! 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫాను వరదలో ఆ వంతెన కొట్టుకుపోయింది. అదే రోజు వెర్మాంట్‌లో బార్టన్స్‌విల్ అనే చోట 1870 నాటి వంతెన ఒకటి కూలి నీళ్ళలోకి పోతుంటే ఊరివాళ్ళు వీడియో తీశారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. నేను కూడా చూశాను. మొత్తం ఇల్లులాంటిది ఒక్కసారి పక్కకి ఒరిగి, పడవలాగా నీళ్ళలోకి దిగిపోతుంది. వెనక ఏడుపు గొంతులు వినిపిస్తాయి. సౌండ్ ఆపి చూడండి, తట్టుకోవచ్చు.

రెండిటినీ మళ్ళీ కట్టారు. బార్టన్స్‌విల్‌లో మళ్ళీ టౌన్ అల్లికతోనే చెక్క వంతెన కట్టి 2013 జనవరిలో తెరిచారు. కార్లు పోతున్నాయి. బ్లెన్‌హైమ్‌లో పాత కొలతలతో 2018కి కట్టారు. కానీ అది నడిచేవాళ్ళకే. పాతది కూడా 1930ల నుంచే బండ్లకి మూసి ఉండేది. ఇక్కడ వచ్చేదే అసలు గొడవ. కొత్త చెక్కతో కట్టింది పాత వంతెనేనా? పెద్దవాళ్ళ రికార్డుల ప్రకారం కాదు. బ్లెన్‌హైమ్ వంతెనకి ఉన్న జాతీయ చారిత్రక హోదా తీసేశారు. పాత చెక్కే చరిత్ర, కొత్త చెక్క నకలు అని వాళ్ళ లెక్క.

నేను ఒప్పుకోను. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తాటాకు ఇళ్ళు ఉన్నప్పుడు వానాకాలం ముందు కప్పు విప్పి కొత్త ఆకుతో నేయించేవాళ్ళట. ఆకు మారింది కాబట్టి ఇల్లు మారిందని ఎవరూ అనలేదు. పూరీలో రథాల్ని ఏటా కొత్త కలపతో చేస్తారు, అది నకిలీ రథం అని ఎవరూ అనరు. జపాన్‌లో ఇవకుని అనే ఊళ్ళో 1673 నాటి కింటాయ్ అనే చెక్క కమాను వంతెన ఉంది. అది నడక వంతెనే అనుకోండి. దాన్ని తరతరాలుగా విప్పి మళ్ళీ కడుతూనే ఉన్నారు. 1950లో తుఫానుకి కొట్టుకుపోతే 1953కి మళ్ళీ కట్టారు. మళ్ళీ 2001 నుంచి 2004 మధ్య కమానులు కొత్తగా చేశారు. మళ్ళీ కట్టిన ప్రతిసారీ ఆ పని ఇంకో తరం వడ్రంగులకి వచ్చేస్తుంది. చెక్కని కాపాడారా, చేతిపనిని కాపాడారా అంటే నేను రెండోదే ముఖ్యమంటాను. చెక్క అడవిలో దొరుకుతుంది. చేయి మర్చిపోతే ఎక్కడ దొరుకుతుంది?

నాకు నచ్చని కాపాడటం ఇంకొకటుంది. చాలా కప్పు వంతెనల్లో ఏం చేశారంటే, రోడ్డు పలకల కింద ఇనుప దూలాలు వేసేశారు. బరువంతా వాటి మీదే. పక్కనున్న చెక్క ట్రస్ ఊరికే నిలబడి తన బరువు తను మోసుకుంటుంది. చూడ్డానికి పాత వంతెనే, ఫొటోలో తేడా తెలీదు. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రాం రన్ చేయకుండా అవుట్‌పుట్ మాత్రం అంటించినట్టు. అర్జెంటుగా వంతెన తెరవాలంటే అదొక్కటే దారి కావచ్చు, నేను కాదనను, నేను కూడా రికార్డులో అంటించాను. కానీ అది చేసి "వంతెనని కాపాడాం" అంటే మాత్రం కొంచెం ఎక్కువే. దానికంటే కార్నిష్ వంతెనలో వాడిన గ్లూలామ్ చెక్క నాకు నయమనిపిస్తుంది. పలుచని చెక్కల్ని జిగురుతో అంటించి చేసిన దూలాలు. పాతకాలపువి కావు, అయినా బరువు మోసేది చెక్కే, ట్రస్ పని ట్రస్ చేస్తోంది.

నిప్పు గురించి ఎక్కువ చెప్పను, కోపం వస్తుంది. అయోవాలో మాడిసన్ కౌంటీ వంతెనల మీద 1992లో ఒక నవల వచ్చింది కదా, సినిమా కూడా తీశారు. ఆ నవల అట్ట మీద ఉన్న సీడర్ వంతెనని 2002లో ఎవరో తగలబెట్టారు. మళ్ళీ కడితే 2017లో మళ్ళీ తగలబెట్టారు. రెండోసారి పట్టుబడినవాళ్ళు మన వయసు పిల్లలే. 2019లో మూడోసారి కట్టారు. ఆ ఊరివాళ్ళ ఓపికకి దండం.

ఇప్పుడు మళ్ళీ మన లారీ దగ్గరికి వద్దాం. ఆ కాలంలో వంతెన ఎత్తు, వెడల్పు ఎంత ఉండాలో ఎలా నిర్ణయించేవాళ్ళో తెలుసా? ఎండుగడ్డి నింపిన బండి పట్టాలి. అంతే స్పెసిఫికేషన్. ఆ రోజుల్లో రోడ్డు మీద తిరిగేవాటిలో అన్నిటికంటే ఎత్తైంది గడ్డిబండే. ఎక్స్‌టర్నల్ సార్ సరిగ్గా గడ్డి లోడు గురించే ఎందుకు అడిగారో అప్పుడు కానీ నాకు వెలగలేదు (ఆయనకి వెర్మాంట్ తెలిసే అడిగారని కాదు, ఆయనకి మా ఊరి లారీలు తెలుసు). ఇన్‌పుట్ సైజు మారిపోయింది. గడ్డిబండి పోయి ట్రక్కు వచ్చింది. వంతెన తన కొలత దాచుకోలేదు, ముఖం మీదే రాసి పెట్టుకుంది. ఆ కొలతని చదవాల్సిన పని మనిషి నుంచి ఫోన్‌కి మారింది, ఫోన్‌కి ఎవరూ చెప్పలేదు.

చెప్పడం కష్టం కాదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఏ రోడ్డుకైనా గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ బరువు రాసే ట్యాగులున్నాయి. కప్పు వంతెన అని చెప్పడానికి కూడా విడిగా విలువ ఉంది. ఎవరైనా అకౌంట్ తెరిచి రాయొచ్చు. రూటింగ్ ప్రోగ్రాములు కొన్నిటిలో ట్రక్కు ప్రొఫైల్ ఉంటుంది, అది ఆ ట్యాగుల్ని చదివి ఆ గీతని తీసేస్తుంది. నా ప్రాజెక్ట్‌లో అయితే పది లైన్ల కోడ్. వాహనం ఎత్తు అడిగి, దానికంటే తక్కువ ఎత్తున్న ఎడ్జ్‌ల్ని గ్రాఫ్‌లోంచి తీసేసి, తర్వాత డైక్‌స్ట్రా నడిపితే చాలు. పది లైన్లు! టౌన్ వడ్రంగులు కొట్టిన ఒక్క పలకలో మేకులు కూడా అంతకంటే ఎక్కువే ఉంటాయి. వంతెన సంరక్షణ అంటే సివిల్ వాళ్ళదీ పురావస్తు శాఖదీ అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా లెక్కలో కప్పు రేకు ఎంతో, ఆ ట్యాగు కూడా అంతే. అది లేకపోతే కొన్నేళ్ళకి వాన చేసే నష్టం ఒక్క మధ్యాహ్నంలో జరిగిపోతుంది.

బ్రాంచ్ అంతటికీ ఒక మాట. ప్రతి సంవత్సరం మనలో కనీసం నాలుగు టీములు మ్యాపుల మీద మినీ ప్రాజెక్ట్ చేస్తాయి. ఫుడ్ డెలివరీ రూటు, బస్ ట్రాకర్, అంబులెన్స్ రూటు. అంబులెన్స్ టీమ్ వాళ్ళని అడుగుతున్నా, మీ గ్రాఫ్‌లో ఎత్తు ఉందా? కోపం తెచ్చుకోకండి, నా దాన్లోనూ లేదు.

అందుకే పోయిన ఆదివారం ఆ అండర్‌పాస్ దగ్గరికి సైకిలేసుకుని పోయాను, ముందు దాని ఎత్తయినా సరిగ్గా రాద్దామని. ఎత్తు రాసిన బోర్డు ఉంది. సగం మీద ఏదో కోచింగ్ సెంటర్ పోస్టర్ అంటించి ఉంది. మూడు కనిపిస్తోంది, పక్కన చుక్క కనిపిస్తోంది, తర్వాతి అంకె ఆరో ఎనిమిదో పోస్టర్లో ర్యాంకర్ నవ్వు కింద దాక్కుంది. గోకి చూశాను, పెయింటు కూడా లేచొచ్చేసింది. పక్కన టీ కొట్టు ఉంటే, "అన్నా, దీని ఎత్తెంత?" అని అడిగాను.

ఆయన గ్లాసులు కడుగుతూనే, "ఎత్తెంతో నాకేం తెలుసు తమ్ముడూ, గడ్డి లారీ ఖాళీగా పోతది, లోడుతో పోదు. డ్రైవర్ కొత్తోడైతే పోయి ఇరుక్కుంటడు" అన్నాడు.

ఆ సమాచారానికి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ట్యాగు లేదు. టేపు పట్టుకుని ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. రూమ్మేట్ కూడా వస్తానన్నాడు, సివిల్ వాడు కదా, సర్వే ల్యాబ్ నుంచి కొలిచే కర్ర తెస్తానన్నాడు.